బొడ్డు మానేదాకా

ఫిబ్రవరి 11, బుధవారం

బొడ్డు కుట్టించుకున్నాను.

"రోజూ ఎలా ఉందో రెండు ముక్కలు రాసుకోండి. వాపెంత, రంగేమిటి, రసి కారుతోందా లేదా అని. నెల పోయాక అడిగితే ఎవరికీ గుర్తుండదు" అంది కుట్టినావిడ. అందుకే ఈ డైరీ. జనవరి అంతా ఖాళీ పేజీలు. పోనీ, జనవరిలో రాసుకోదగ్గవేమీ జరగలేదు.

తాళంచెవులు చేసే కొట్టు పక్క మెట్లెక్కితే ఆవిడ గది. నున్నటి గుండు, మందపాటి కళ్ళజోడు, రెండు చేతుల మీదా భుజాలదాకా పచ్చబొట్టు ఆకులు. చేతికి తొడుగులు వేసుకుని, పెన్నుతో చుక్క పెట్టి, అద్దంలో చూపించి, "ఇక్కడేనా?" అని మూడుసార్లు అడిగింది. పని మీద ఆ మాత్రం పట్టింపు ఉన్నవాళ్ళంటే నాకు ఇష్టం. సూదమ్మ అని పేరు పెట్టేశాను. సూది దిగి పోగు ఎక్కినప్పుడు అరుస్తాననుకుంది కాబోలు, "గట్టివాళ్ళే" అంది. గట్టిదాన్నే. నలభై మూడేళ్ళు ఊరికే రాలేదు.

నొప్పి ఎంత అని అడగకముందే నేను అడిగింది, నీళ్ళలో ఎన్నాళ్ళు దిగకూడదని.

"స్నానం చేయొచ్చు. కొలను, తొట్టి, సముద్రం, ఇవేవీ వద్దు. తక్కువలో తక్కువ ఆరు వారాలు. ఏం పని చేస్తుంటారు?"

"ఆఫీసు" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. పందొమ్మిదేళ్ళుగా ఈత నేర్పుతున్నానని చెబితే అదో పెద్ద కథ. అంత ఓపిక ఎవరికుంది?

వాపు కొద్దిగా. రంగు ఎరుపు. రసి లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

మేనేజరుకు చెప్పాను, చర్మానికి ఏదో వచ్చింది, డాక్టరు ఆరు వారాలు నీళ్ళు వద్దన్నారని. ఆయన నా మొహం వంక కాసేపు చూసి, "సోమవారం విషయం మనసులో పెట్టుకోలేదు కదా?" అన్నాడు.

"భలేవారే సార్! దానికీ దీనికీ ఏం సంబంధం?"

ఏ సంబంధమూ లేదు. సోమవారం జరిగింది ఇంతే. నా బ్యాచిలో ఒక టైలరమ్మ ఉంది, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులకి ఈత మంచిదన్నారని చేరింది. లోతు వైపు తాడు పట్టుకుని ఉండగా చెయ్యి జారి మునిగింది. నేను అప్పుడు అటు తిరిగి ఉన్నాను. విజిల్ వేశాను. కొంగ దూకి తీశాడు. కొంగ అంటే మా రెండో కోచ్, కాళ్ళు అంత పొడుగు. ఆవిడ ఒకరోజు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్ళింది, గుండ్రాయిలా ఉందట. ఈ పనిలో ఇలాంటివి ఉంటాయి. ఇన్నేళ్ళలో నేనే ఏడుగుర్ని లాగాను.

ఆరు వారాలు ముందు బల్ల దగ్గర కూర్చోమన్నాడు. చేరేవాళ్ళ పేర్లు రాసుకోవడం, లాకరు తాళాలివ్వడం. కాళ్ళకి కాస్త విశ్రాంతి.

ఫిబ్రవరి 13

రెండుపూటలా ఉప్పునీళ్ళ స్ప్రే. మెత్తటి గాజుగుడ్డతో అద్దాను. నొప్పి లేదు. తుమ్మితే తప్ప.

ఫిబ్రవరి 16, సోమవారం

చెల్లికి తెలిసిపోయింది. ఒకే ఇంట్లో ఉంటూ దానికి దాచడమంటే పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమే. బాత్రూములో స్ప్రే డబ్బా చూసి వచ్చి నిలబడింది.

"ఇదేమిటక్కా, ముక్కుకా?"

"కాదు."

"మరి?"

చొక్కా అంచు ఎత్తి చూపించాను. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి ఇలా అంది.

"నీకు బొడ్డుకోసి పేరు పెట్టింది అమ్మ. ఇప్పుడు బొడ్డు పొడిపించుకుని ఏం పెట్టుకున్నావే కొత్త పేరు?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వితే నొప్పి పుట్టింది, దాంతో ఇంకా నవ్వొచ్చింది. తర్వాత అది మంచం మీద కూర్చుని మెల్లగా అడిగింది, "ఉన్నట్టుండి ఎందుకే?"

"ఎప్పట్నుంచో అనుకుంటున్నా."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"అన్నీ నీకు చెబుతానా?"

"చెబుతావుగా" అంది అది.

నిజమే, చెబుతాను. కానీ ఇది అబద్ధం కాదు. ఎప్పుడో ఇరవయ్యేళ్ళప్పుడు ఒకసారి అనుకున్నట్టే గుర్తు.

మానుతోంది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

బల్ల పని నాకు బాగా కుదిరింది. లాకరు తాళాలకి రంగు దారాలు కట్టాను, ఆడవాళ్ళవి ఆకుపచ్చ, మగవాళ్ళవి నీలం. మేనేజరు మెచ్చుకున్నాడు. తడికాళ్ళతో జనం లోపలికి రాకుండా గోనెపట్టా ఒకటి పరిపించాను. పందొమ్మిదేళ్ళుగా ఎవరికీ తట్టలేదు.

గాజు తలుపు ఇవతల నుంచి కొలనంతా కనిపిస్తుంది. నా బ్యాచికి కొంగ నేర్పుతున్నాడు. మంచివాడే గాని అరుస్తాడు. భయపడేవాళ్ళ మీద అరిస్తే వాళ్ళు చెవులు మూసుకుంటారు, చేతులు ఎక్కణ్ణుంచి వస్తాయి ఈదడానికి? వెళ్ళి చెప్పాలనుకున్నాను. తలుపు దాకా వెళ్ళాను. అక్కడ నేల తడిగా ఉంది. బొడ్డు మీద చుక్క పడ్డా మంచిది కాదు కదా. తర్వాత చెబుతానులే అని వచ్చేశాను.

ఫిబ్రవరి 23, సోమవారం

టైలరమ్మ వచ్చింది.

నాలుగింటికి తలుపు తోసుకుని, చేతిసంచీతో, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడుతో నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. లేచి నిలబడ్డాను.

"ఆరోగ్యం ఎలా ఉందమ్మా?"

"బాగుంది. మీరెప్పుడు దిగుతారు మేడమ్ నీళ్ళలోకి?"

"నాకింకా నెల పడుతుంది. వేరే కోచ్ ఉన్నారు, ఆయన చాలా బాగా…"

"ఆయన అరుస్తాడు. నేను ఆగుతాను."

ఆగుతానంటే ఇంటి దగ్గర అనుకున్నాను. కాదు. గాజు తలుపు పక్క బెంచీ మీద కూర్చుంది. సంచీలోంచి ఎవరిదో చొక్కా తీసి కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. ఐదింటికి లేచి, దారం కొరికి, వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 24

వచ్చింది. కూర్చుంది. వెళ్ళింది.

ఫిబ్రవరి 26, గురువారం

ఇవాళ కూడా. ఆరు కాజాలు. నాతో ఒక్క మాట లేదు. వద్దనడానికి ఆ బెంచీ నా సొత్తు కాదుగా. మేనేజరు చూసి, "మీ మీద ఎంత నమ్మకమో చూడండి" అన్నాడు. నవ్వాను.

మానుతోంది. కొంచెం ఎరుపు తిరిగింది, అది మామూలే.

మార్చి 2, సోమవారం

రసి ఉంది. పలచగా, తెల్లగా. చీము కాదు. చీము ఎలా ఉంటుందో నాకు తెలీదా?

పోగు అతుక్కుపోతుందేమోనని స్నానం చేసేటప్పుడు కాస్త తిప్పి చూస్తున్నాను. ఉప్పునీళ్ళు సరిపోవట్లేదనిపించి మందుల షాపులో గోధుమరంగు మందు ఒకటి తెచ్చుకున్నాను, గాయాలకి రాసేది. పొద్దున, పనికి వెళ్ళగానే, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు. జాగ్రత్త ఎక్కువైతే ఎవరైనా చెడిపోయారా?

చెల్లి అంది, "కాగితంలో రెండుసార్లే అని రాసి ఉందిగా."

"కాగితం అందరికీ ఒకటే రాస్తారు. నా ఒళ్ళు నాకు తెలుసు."

మార్చి 5

పోగు చుట్టూ చిన్న బుడిపె. కందిగింజంత. ఆరు వారాల్లో అవదేమో. ఎనిమిది పట్టొచ్చు. మేనేజరుకు ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

మార్చి 6

చెప్పాను. సరేనన్నాడు. ఎంత తేలికపడ్డానో! అంటే, బుడిపె విషయంలో తొందరపడక్కర్లేదు కదా, అందుకు.

మార్చి 9, సోమవారం

సూదమ్మ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. చెల్లి లాక్కెళ్ళింది అనడం సరైన మాట. పడుకోబెట్టి, దీపం దగ్గరికి లాగి, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని చూసింది.

"ఏం రాస్తున్నారు దీనికి?"

చెప్పాను.

"రోజుకెన్నిసార్లు?"

"ఐదు."

"తిప్పుతున్నారా?"

"అతుక్కుపోతుందేమోనని…"

"అది తలుపు గొళ్ళెం కాదమ్మా, తుప్పు పట్టి అతుక్కుపోవడానికి. తిప్పినప్పుడల్లా లోపల కొత్తగా పుట్టిన చర్మం చిరిగిపోతుంది. ఆ మందేమో ఉన్నదాన్ని కాల్చేస్తోంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు. దీన్ని చూసుకోవడం అనరు, సతాయించడం అంటారు."

చెల్లి పక్కనుంచి, "అది మొండిదండీ" అంది. ఎవరడిగారు దీన్ని?

సూదమ్మ తొడుగులు విప్పుతూ నా సంచీ వంక చూసింది. దాని మీద కొలను బొమ్మా పేరూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ అది తిప్పి పట్టుకోవాలన్న ధ్యాసే రాలేదు.

"ఈతకి వెళతారా?"

"నేర్పుతుంది. పందొమ్మిదేళ్ళ నుంచి" అంది చెల్లి.

"మరి ఆఫీసన్నారు?"

నేను పైకప్పు వంక చూశాను. సూదమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చెప్పి ఉంటే దారి చెప్పేదాన్ని. ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఆరు వారాలు శుభ్రంగా ఉంచుకుంటే నీళ్ళు చొరని పట్టీ ఒకటుంది, అది అతికించుకుని దిగొచ్చు. వచ్చేవాళ్ళందరూ ఒకటే అడుగుతారు, త్వరగా మానాలంటే ఏం చెయ్యాలని. మీరొక్కరే నీళ్ళలో ఎన్నాళ్ళు దిగకూడదని అడిగారు."

చీము పట్టలేదట. పోగు తియ్యక్కర్లేదట. మందు ఆపి, రెండుపూటలా స్ప్రే కొట్టి, మిగతా టైములో అది ఉందన్న సంగతే మరిచిపోవాలట. ఎర్రదనం పాకినా, వేడెక్కినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి పరిగెత్తమంది.

ఇంటికొచ్చాక చెల్లి ఆ గోధుమరంగు సీసా తీసి చెత్తబుట్టలో పడేసింది.

మార్చి 10

చెయ్యి పెట్టలేదు.

మార్చి 11

పెట్టలేదు.

మార్చి 12

పెట్టాను. ఒక్కసారే. లాగి వదిలేశాను.

మార్చి 14, శనివారం

ఇవాళ జనం పలచగా ఉన్నారు. టైలరమ్మ కుట్టుపని ఒళ్ళో పెట్టుకుని నా బల్ల ముందు కుర్చీలోకి వచ్చి కూర్చుంది.

"మేడమ్, ఒక మాట. మీ నడుంపట్టీ బిగుతుగా ఉంది."

"లేదమ్మా, బాగానే ఉంది."

"ముప్పై నాలుగేళ్ళు మనుషుల నడుములు కొలిచాను. మీరు కూర్చున్నప్పుడల్లా బొటనవేలు దూర్చి పట్టీ ముందుకు లాగుతున్నారు. లోపల పుండుందా?"

బొడ్డు కుట్టించుకున్నానని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మంచి పని. అయితే ఎలాస్టిక్ పనికిరాదు, రోజంతా రాచుకుంటుంది. రెండు ప్యాంట్లు ఇవ్వండి, కిందికి దించి, ముందు భాగం మెత్తటి గుడ్డ వేసి కుడతాను" అంది.

"అయ్యో, మీకెందుకమ్మా శ్రమ…"

"ఇంకో మాట కూడా ఉంది." కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. "ఆ రోజు జరిగిందంతా రాసిన కాగితం మీ మేనేజరు నాకొకటి ఇచ్చాడు. మీరు అటు తిరిగి ఉన్నారని, విజిల్ వేశారని ఉంది అందులో. కింద మీ సంతకం. విజిల్ నాకు వినబళ్ళేదు, నీళ్ళలో వినబడదేమో, తెలీదు. కళ్ళయితే తెరిచే ఉన్నాయి. పైనుంచి మీరు కనబడ్డారు. నావైపే చూస్తున్నారు. నిలబడే ఉన్నారు."

"నీళ్ళ కిందనుంచి చూస్తే అన్నీ వంకరగా…"

"వంకరగానే కనబడ్డారు. కానీ నిలబడే ఉన్నారు."

ఫోను మోగింది. తీశాను. ఎవరో పిల్లల బ్యాచి టైము అడిగారు. చెప్పాను. పెట్టేసరికి ఆవిడ సంచీ సర్దుకుంటోంది.

"నాకు మీ మీద కోపంగా ఉంది. అందుకే రోజూ వచ్చి కూర్చుంటున్నా. ఎప్పుడో ఒకనాడు మీ అంతట మీరే అంటారని చూశా. మీకంటే ముందు నా కాజాలైపోయాయి" అని వెళ్ళిపోయింది.

ఆవిడ పొరబడింది. ముసలి కళ్ళు, పైగా నీళ్ళలో. రేపు సెలవు. నిద్రపోతే అన్నీ సర్దుకుంటాయి.

మార్చి 15, ఆదివారం

ఆవిడ పొరబడలేదు.

చెల్లి బజారుకు వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. రాసేస్తాను. వచ్చేలోపు అయిపోవాలి.

ఆ రోజు నేను ఎటూ తిరిగి లేను. లోతు వైపు ఒడ్డున నిలబడి ఆవిడకే చెబుతున్నాను. తాడు వదలండి, వెనక్కి వాలండి, నేనున్నాను కదా అని. అలాగే అన్నాను, నేనున్నాను కదా అని. ఆవిడ ఒక చెయ్యి వదిలింది. రెండోది జారింది. అరవలేదు. మునిగేవాళ్ళు అరవరు, సినిమాల్లో అరుస్తారు; ప్రతి కొత్త బ్యాచికీ ఈ మాట నేనే చెబుతాను. ఆవిడ తలమీది ఎర్ర టోపీ కిందికి వెళ్ళింది. చూశాను. చేతులు నిచ్చెన ఎక్కుతున్నట్టు నీళ్ళని తోస్తున్నాయి. చూశాను. ఎదురుగా గోడమీద పెద్ద గడియారం ఉంది, సెకన్ల ముల్లు ఎర్రగా ఉంటుంది. అది రెండు మీద ఉంది. మూడు మీదికి వచ్చింది. మునిగేవాళ్ళకి అందించే వెదురుబొంగు నాకు మూరెడు దూరంలో కొక్కేనికి వేలాడుతోంది. విజిల్ నోట్లోనే ఉంది. ముల్లు నాలుగు మీదికి వచ్చింది. నా కాళ్ళు నావి కావు. మొండెం కింద ఎవరో సిమెంటు పోసినట్టుంది. ముల్లు ఐదు దాటాక అవతలి ఒడ్డునుంచి కొంగ పరిగెత్తుకొచ్చి దూకాడు.

పదిహేను సెకన్లు. పందొమ్మిదేళ్ళ మీద పదిహేను సెకన్లు.

ఆవిణ్ణి ఒడ్డుకి చేర్చాక మాత్రం చేతులు కదిలాయి. పక్కకి తిప్పింది, నీళ్ళు కక్కించింది, దుప్పటి కప్పింది, అన్నీ నేనే. మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చి, "విజిల్ ఎవరైనా వేశారా?" అని అడిగాడు. కొంగ నావైపు చూశాడు. నేను "నేనే" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. మర్నాడంతా ఎవరు పలకరించినా అదే చెప్పాను. ఆ మరుసటి రోజు సూదమ్మ మెట్లెక్కాను.

ఎందుకు కదల్లేకపోయానో తెలీదు. వెతికాను. నిద్ర చాలకనా, తిండి తినకనా? రెండూ కాదు. శుభ్రంగా తిన్నాను, శుభ్రంగా పడుకున్నాను.

చెల్లి వచ్చేసింది.

మార్చి 16, సోమవారం

చెల్లికి చెప్పాను. కాయగూరలు కడుగుతూ విన్నది. చేతులు తుడుచుకోకుండానే వచ్చి నా పక్కన కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నాను.

"మరి సంతకం మాట?" అంది.

మార్చి 17, మంగళవారం

పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళి, కొంగని కూడా పిలిపించమన్నాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే చల్లబడిపోతానేమోనని. ఆ సోమవారం నేను చూస్తూనే ఉన్నాను, కదల్లేదు, విజిల్ వేయలేదు, కాగితంలో రాసింది అబద్ధం, చర్మానికి డాక్టరు చెప్పింది కూడా అబద్ధం, బొడ్డు కుట్టించుకున్నాను.

మేనేజరు చివరి మాట దగ్గర ఒకసారి కళ్ళు ఆర్పాడు. మొదటిది మింగడానికే సమయం పట్టింది.

"నువ్వు విజిల్ విన్నానన్నావుగా?" అన్నాడు కొంగతో.

కొంగ ఒంటికాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. "వినలేదు సార్. ఎర్ర టోపీ కనిపించలేదు, అందుకని పరిగెత్తా. అక్క వేశానంది కదా, సరే నేనూ విన్నానేమో అనుకుని ఊ అన్నా."

"ఇద్దరికిద్దరూ సరిపోయారు" అన్నాడు మేనేజరు. చాలాసేపు బల్ల మీద వేళ్ళతో దరువు వేశాడు. ఆ తర్వాత ఆయన అరిచిన అరుపులు లాకరు గదిదాకా వినిపించాయట. తప్పులేదు. ఆవిడ ప్రాణమే పోయి ఉంటే ఆ కాగితం ఎవరి మెడకి చుట్టుకునేది?

చివరికి తేలింది ఇది. కొత్త కాగితం రాయాలి, ఇద్దరం సంతకం పెట్టాలి, ఒకటి టైలరమ్మకి ఇవ్వాలి. కాపాడే పరీక్ష నేను మళ్ళీ మొదట్నుంచీ ఇవ్వాలి, కొత్తగా చేరినవాళ్ళలాగా. ప్యాసైతే నేర్పొచ్చు, అయినా మూడు నెలలు ఇంకో కోచ్ ఒడ్డున ఉండాలి. కాకపోతే బల్ల దగ్గరే.

"బల్ల పని మీకు బాగా కుదిరిందిలెండి" అన్నాడు. వెటకారమో, దారి చూపడమో అర్థం కాలేదు.

సాయంత్రం నాలుగింటికి కొత్త కాగితం నేనే ఆవిడ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. మడిచి సంచీలో పెట్టుకుంది.

"ప్యాంట్లు తెచ్చారా?" అంది.

మార్చి 20

చెయ్యి పెట్టడం లేదు. బుడిపె తగ్గింది. కొత్త నడుంపట్టీ దూదిలా ఉంది.

మార్చి 25, బుధవారం

ఆరు వారాలు. సూదమ్మ చూసి, "ఇప్పుడు దారికొచ్చింది" అంది. పొడుగు పోగు తీసి పొట్టిది వేసింది. లోపలంతా పూర్తిగా మానడానికి ఇంకా ఆరు నెల్లో, ఏడాదో పడుతుందట. పైకి మానినట్టే ఉంటుంది, మోసపోవద్దంది.

"నీళ్ళలో?"

"ఇంకో రెండు వారాలు ఆగితే మేలు."

లోపల ఏదో ఎగిరి గంతేసింది. రెండు వారాలు! ఆ గంతు ఎందుకో నాకు తెలిసిపోయింది. అడిగాను.

"ఆగాలా? ఆగితే మేలా?"

సూదమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "పట్టీ సరిగ్గా అతికించి, అరగంటలో బయటికొచ్చి, వెంటనే తీసేసి స్ప్రే కొట్టుకుంటే వారం తర్వాత దిగొచ్చు. మీకు అవసరమైతే."

"అవసరమే" అన్నాను. పట్టీ ఎలా అతికించాలో నా చేతే రెండుసార్లు చేయించింది. అంచులు గాలిబుడగ లేకుండా వేలితో రుద్దాలి.

ఏప్రిల్ 2, గురువారం

పరీక్ష. పొద్దున ఏడు. మేనేజరు ఒడ్డున అట్ట పట్టుకుని. మునిగేది కొంగ. బెంచీ మీద టైలరమ్మ. ఎవరు చెప్పారో, ఎలా వచ్చిందో. ఇవాళ చేతిలో కుట్టుపని లేదు.

కొంగ లోతు వైపుకి వెళ్ళి మునగడం మొదలుపెట్టాడు. వాడికి నటన రాదు. చేతులు కొట్టుకుంటూ, "అక్కా, నేను పోతున్నా" అని కేకలు. నవ్వు రావలసిన చోట నాకు కాళ్ళు బిగుసుకున్నాయి. అదే సిమెంటు. గడియారం వంక చూడొద్దనుకున్నాను, చూశాను.

దూకలేదు. గట్టు పట్టుకుని నిచ్చెన దాకా నడిచి, ఒక్కో మెట్టూ దిగి, నీళ్ళలోకి జారాను. చల్లదనం పొట్టకి తగిలింది. అక్కణ్ణుంచి మాత్రం ఒళ్ళు దానంతటదే పనిచేసింది. వాడి గడ్డం కింద చెయ్యి వేసి ఒడ్డుకి లాక్కొచ్చాను.

"నిచ్చెన దిగి కాపాడేసరికి మనిషి ఉండడు. ఇది లెక్కలోకి రాదు" అన్నాడు మేనేజరు.

"తెలుసు సార్. మళ్ళీ ఇస్తాను."

"ఇవాళా?"

"ఇప్పుడే."

కొంగ మళ్ళీ వెళ్ళాడు. "అరవకు. మునిగేవాళ్ళు అరవరు" అన్నాను. ఈసారి నోరు మూసుకుని చప్పుడు లేకుండా కిందికి వెళ్ళాడు. అది నిజంగా ఘోరంగా ఉంది. కాళ్ళు కదల్లేదు. అయితే కదలకపోనీ అనుకున్నాను. కదలని కాళ్ళతోనే ముందుకు వాలిపోయాను. చెట్టు కూలినట్టు. దూకడం కాదది, పడడం. పొట్ట చెళ్ళుమని నీళ్ళకి తగిలింది, పోగు మంటెత్తింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ నీళ్ళలో ఉన్నాను. వాణ్ణి పట్టుకున్నాను.

ఒడ్డుకొచ్చాక మేనేజరు, "ఎంత అసహ్యంగా దూకారండీ! ఇన్నేళ్ళ కోచ్!" అన్నాడు. అట్ట మీద ఏదో రాశాడు. "సమయంలోపే. ప్యాసు."

కొంగ ముక్కులోకి పోయిన నీళ్ళు చీదుకుంటూ నన్ను పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. బెంచీ ఖాళీగా ఉంది. టైలరమ్మ ఎప్పుడు వెళ్ళిందో!

పట్టీ ఒక అంచు లేచింది. స్ప్రే కొట్టాను. కాస్త ఎర్రబడింది. తిప్పలేదు.

ఏప్రిల్ 6, సోమవారం

నాలుగింటికి వచ్చింది. సంచీలోంచి ఎర్ర టోపీ తీసింది. ఆవిడ ఈత దుస్తులు తనే కుట్టుకుంది, మోచేతుల దాకా చేతులు, మోకాళ్ళ దాకా కాళ్ళు, పక్కన జేబు కూడా ఉంది. జేబెందుకమ్మా అంటే, "అలవాటు" అంది.

"ఒడ్డున నిలబడి చెబితే వినను. మీరు లోపలుండి చెప్పాలి."

"లోపలే ఉంటాను."

కొంగ ఒడ్డున కాపలా. ఛాతీలోతు దగ్గర మొదలుపెట్టాం. ఆవిడ వీపు కింద నా చెయ్యి. వీపు బల్లలా బిగుసుకుపోయింది, గుండె నా అరచేతికి కొట్టుకుంటోంది.

"వదిలేస్తారా?" అంది.

"మీరు చెప్పేదాకా వదలను."

"నేను చెప్పను. నాకింకా కోపం పోలేదు."

"పోకపోతే పోనివ్వండి. కోపంతోనే తేలండి. నీళ్ళకి అవన్నీ అక్కర్లేదు."

నవ్వింది. నవ్వేసరికి వీపు మెత్తబడింది. చెవులు నీళ్ళలోకి వెళ్ళాయి కాబట్టి ఆ తర్వాత నేను చెప్పినవేవీ ఆవిడకి వినబళ్ళేదు, అయినా చెబుతూనే ఉన్నాను. పాదాలు పైకి వచ్చాయి. పైకప్పు వంక చూస్తూ గట్టిగా, ఊరంతా వినబడేలా, "ఇక్కడ రెండు లైట్లు పోయాయి, ఎవరూ చూసుకోరా?" అంది. మేనేజరు గదిలోంచి తొంగిచూశాడు.

అరగంటకి ఇద్దరం బయటికొచ్చాం. తుండు కప్పుకుని ఆవిడ అడిగింది.

"ఆ రోజు ఎందుకు నిలబడిపోయారు?"

"తెలీదమ్మా. చాలా వెతికాను."

తల ఊపింది. "నేనూ ఒకసారి నిలబడిపోయాను. ఎప్పుడో" అని చెప్పులు వేసుకుంది. ఎప్పుడని అడగలేదు. చెప్పాలనుకుంటే చెబుతుంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "రేపు లోతు వైపుకి పోదాం" అంది.

"తొందరేముంది, ఇంకో వారం ఇక్కడే…"

"రేపే."

వాపు లేదు. రంగు మామూలు. రసి లేదు.

ఇన్ని పేజీలు రాశాను గాని ఒక్క మాట రాయలేదు. ఆ రోజు నాకు భయం వేసింది. అంతే, వేరే కారణమేమీ లేదు. ఎందుకు వేసిందో, మళ్ళీ ఎప్పుడు వేస్తుందో తెలీదు. ఇప్పుడు కూడా, లోతు వైపు అని రాస్తుంటేనే అరికాళ్ళు చల్లబడుతున్నాయి.

రేపు నాలుగింటికి క్లాసు. ముందు నేను దిగి, తర్వాత ఆవిణ్ణి పిలుస్తాను.